సీసా మీద చీటీ

“ఈ సీసా మళ్ళీ బీరువాలోకి వెళ్ళడానికి వీల్లేదు డాడీ” అంది జ్యోత్స్న.

పాపారావు మేష్టారు మంచినీళ్ళ గ్లాసు పక్కకి జరిపారు. ఆయన ముందు ప్లేటులో రెండు ఇడ్లీలు చల్లారిపోతున్నాయి. చట్నీ గిన్నెని ఆనుకుని సీసా ఉంది. సీసాలో చుట్ట చుట్టుకుని పాము ఉంది. ముప్పై రెండేళ్ళుగా ఫార్మలిన్‌లో నాని రంగు వెలిసింది గానీ, ఒంటి మీద తెల్లటి కట్లు ఇంకా తెలుస్తూనే ఉన్నాయి.

“తినే బల్ల మీద పామేంటే? ముందది తియ్యి. చర్చికి టైమైపోతోంది” అంది పుష్పలత. అప్పటికే తెల్లచీర కట్టుకుని, బైబిలు సంచి భుజానికి తగిలించుకుని ఉంది.

“ఇన్నాళ్ళూ నీ చీరల పై అరలోనే ఉందమ్మా ఇది. అప్పుడు లేని బాధ ఇప్పుడెందుకు?”

“ఏదో స్కూలు సామాను అనుకున్నాను.”

“నేనూ అలాగే అనుకున్నాను. అందుకే గొప్పగా పట్టుకెళ్ళాను.”

జ్యోత్స్న తాడేపల్లిగూడెంలో డిగ్రీ పిల్లలకి జువాలజీ చెబుతుంది. పోయిన వారం ఆ సీసాని ప్రాక్టికల్స్ బల్ల మీద పెట్టి, మా నాన్నగారు స్వయంగా సేకరించారని చెప్పుకుంది. పెంటపాడు నుంచి వచ్చే తేజశ్రీ అనే అమ్మాయి భూతద్దం పెట్టి చూసి చెయ్యెత్తింది. వీపు మధ్య పొలుసులు కట్లపాముకి లాగే ఆరు పలకలుగా పెద్దవిగా ఉన్నాయి కదా మేడమ్, మరి దీనికి విషం లేదని ఎందుకు రాశారు, అని అడిగింది. క్లాసంతా మేడమ్ వైపు చూసింది. మేడమ్ చీటీ వైపు చూసింది.

చీటీ మీద ఎర్రసిరాతో గుండ్రటి అక్షరాలు. ‘కట్లపామును పోలిన పాము. విషరహితం. 17-7-1992.’

“పాపం అందరూ పొరపడతారు డాడీ. లాంతరు వెలుగులో చూసి ఉంటారు. కట్లపాము అచ్చం విషం లేని ఆ రెండో పాము లాగే ఉంటుంది. అదేం తప్పు కాదు” అంది జ్యోత్స్న. గొంతు మెత్తబడింది. ఆ మెత్తదనం చూసి మేష్టారు కళ్ళెత్తారు. ఆశ పడ్డారు పాపం.

“కానీ ఇది కరిచిన ఆ కొల్లేటి లంక పిల్ల పోయింది పధ్నాలుగో తారీకున. చీటీ రాసింది పదిహేడున. పట్టపగలు, స్కూలు ల్యాబులో, చేతిలో భూతద్దం పెట్టుకుని రాశారు. ఆ పొలుసులు ఎలా లెక్కపెట్టాలో నాకు నేర్పింది మీరే కదా. చీటీ రాసేటప్పుడు మీకు తెలుసా, తెలీదా?”

వీధిలో కొబ్బరిబొండాల బండి వెళ్ళింది. బండివాడి కేక సందు మలుపు తిరిగేదాకా ముగ్గురూ విన్నారు.

“తెలుసు” అన్నారు మేష్టారు.

పుష్పలత సంచీ భుజం మీంచి దించి కుర్చీలో కూర్చుంది. ఆ ఆదివారం ఆ ఇంట్లో వాళ్ళు చర్చికి వెళ్ళలేదు.

*

ఈ మనిషి ఒకప్పుడు ఎలా ఉండేవాడో తెలిసినవాళ్ళు ఏలూరులో ఇప్పటికీ కొందరున్నారు. మిషన్ బడిలో బైబిలు చెప్పిన హెన్రీ పంతులుగారి కొడుకు. ఇరవై రెండేళ్ళకి బియస్సీ పట్టా పుచ్చుకుని ఇంటికొచ్చి, నోవహు ఓడలో అన్ని ఏనుగులకి మేత ఎక్కడ పెట్టారు నాన్నా అని భోజనాల దగ్గర అడిగాడు. పంతులుగారు ముద్ద దించేసి లేచిపోయారు. కొడుకు మర్నాటి నుంచి చర్చి మెట్లు ఎక్కలేదు.

చొక్కా జేబులో ఎర్ర పెన్ను, చేతిసంచిలో ఎర్రజెండా. బళ్ళో సైన్సు మేష్టారు, సెలవొస్తే సైన్సు ప్రచార సంఘం కార్యకర్త. నాలుక మీద కర్పూరం వెలిగించేవాడు. నిమ్మకాయలోంచి నెత్తురు పిండి, ఇదిగో ఇది మందారపువ్వు రసం పూసిన చాకు మహిమ అని నవ్వించేవాడు. కొల్లేటి లంకల్లో దోనెల మీద తిరిగి, దేవుడూ లేడు దెయ్యమూ లేదు, అడగండి, ప్రతిదీ అడగండి, అని గొంతు పోయేలా అరిచేవాడు. మా మంచి మాటకారి. జనం నమ్మారు. వచ్చిన చిక్కల్లా అదే.

తొంభై రెండు తరవాత ఆయన కొంచెం కొంచెంగా మారిపోయాడు. సభల్లో ముందు వరసలోంచి వెనక వరసలోకి వెళ్ళాడు. తరవాత సభలకే వెళ్ళడం మానేశాడు. రెండువేల ఆరులో ప్రభుత్వం కొల్లేట్లో చేపల చెరువుల గట్లు కొట్టేసినప్పుడు పాత మిత్రులు ఇంటికొచ్చి, సరస్సుని కాపాడటం సైన్సు కాదా, మైకు పట్టుకోండి అన్నారు. ఆ ఊళ్ళకి ఏది మంచిదో చెప్పే నోరు నాకు లేదండీ అన్నాడు. గట్లు తెగిన వాళ్ళు వస్తే మాత్రం అరుగు మీద కూర్చుని అర్జీలు రాసిపెట్టాడు. మీరిప్పుడు ఎటువైపు మేష్టారూ అని ఎవరో వెటకారంగా అడిగితే, అర్జీ వైపు అన్నాడు.

ఆ ఏడే క్రిస్మస్‌కి ఎవరూ పిలవకుండా చర్చికొచ్చి ఆఖరి బెంచీ మీద కూర్చున్నాడు. పుష్పలత ఆనందం పట్టలేక ఆరాధన మధ్యలోనే ఏడ్చేసింది. పదహారేళ్ళ కాపురంలో ఆవిడ చేసిన ఒకే ఒక్క ప్రార్థన అది.

*

“నా ప్రార్థనకి జవాబొచ్చిందని ఊరంతా సాక్ష్యం చెప్పుకున్నానండీ” అంది పుష్పలత ఇప్పుడు. “నిలబడి, మైకులో. మా ఆయన్ని దేవుడు రక్షించాడని.”

“పుష్పా...”

“మీరు దేవుడి దగ్గరికి రాలేదు. పాముకి భయపడి వచ్చారు.”

మేష్టారు కాదంటే బాగుండునని ఆవిడ ఎదురుచూసింది.

“మరి అక్కడైనా చెప్పుకున్నారా? ఆఖరి బెంచీలో కూర్చుని కళ్ళు మూసుకుంటారే, అప్పుడేం చెబుతారు దేవుడితో?”

“ఏమీ చెప్పను. ఆ పిల్ల ఊపిరి వినిపిస్తుంది. గురక లాగా. ఆరాధన అయిపోయేదాకా వింటాను.”

జ్యోత్స్న తల తిప్పుకుంది. కోపంగా ఉండటం కష్టమైపోతోంది ఆ అమ్మాయికి.

“ఎందుకు రాశారు డాడీ? అదొక్కటి చెప్పండి.”

“భీమశంకరం గారికి చెప్పాను. సంఘానికి ఆయనే పెద్ద అప్పట్లో. పొరపాటు జరిగిందండీ, ఊళ్ళో ఒప్పుకుందాం అన్నాను. ఒక్క పాము కోసం పదేళ్ళ పని పాడుచేస్తారా అన్నారు. మనం ఒప్పుకుంటే రేపట్నుంచి పాము కరిచిన ప్రతివాడూ మంత్రగాడి దగ్గరికే పోతాడు, ఇంకో పది ప్రాణాలు పోతాయి అన్నారు. ఆ లెక్క నాకు సరిగానే ఉందనిపించింది.” ఆగి, మళ్ళీ అన్నారు. “కాదు. లెక్క కాదు. సిగ్గు. లెక్క దొరికింది కదా అని దాని వెనకాల దాక్కున్నాను.”

“ఆయనెప్పుడో పోయారు కదండీ. తరవాతైనా...”

“తరవాత ఏటా అనుకున్నాను. ఏటా ఆ పిల్ల తల్లి వస్తుంది. ఏటా ఆవిడ మొహం చూస్తాను.”

పుష్పలత ఉలిక్కిపడి గోడ మీది క్యాలెండరు వైపు చూసింది. ఆషాఢ పౌర్ణమి.

“అయ్యో, ఇవాళే కదూ” అంది.

ఆ మాట పూర్తి కాకముందే గేటు చప్పుడైంది.

“అమ్మగారండీ! ఉన్నారాండీ?”

*

ఏటా ఇదే రోజున కొల్లేటి లంక నుంచి మొదటి బస్సెక్కి వీరరాఘవమ్మ వస్తుంది. బకెట్టులో నీళ్ళు పోసి, పైన తడి గోనె కప్పి, ప్రాణంతో ఉన్న కొరమీనుని తెస్తుంది. ఎందుకు తెస్తుందో ఇంట్లో అందరికీ తెలుసు. ముప్పై రెండేళ్ళ కిందట ఆవిడ కూతురు పోయిన రాత్రి, తెల్లవార్లూ ఆ పిల్ల తలని ఒళ్ళో పెట్టుకు కూర్చున్నది మేష్టారే. చుట్టాలకి కూడా అంత ఓపిక ఉండదండీ, అంటుంది ఆవిడ.

గేటు చప్పుడు వినగానే జ్యోత్స్న చప్పున లేచి, కుర్చీ మీది తువ్వాలు లాగి సీసా మీద కప్పింది.

మేష్టారు కూతుర్ని చూశారు. “వీల్లేదన్నావు కదమ్మా” అన్నారు మెల్లగా.

జ్యోత్స్న మొహం ఎర్రబడింది. తువ్వాలు మాత్రం తియ్యలేదు. దాచెయ్యడం ఎంత తేలికో ఆ అమ్మాయికి ఆ క్షణంలో తెలిసింది.

వీరరాఘవమ్మ లోపలికొచ్చింది. అరవై దగ్గర పడుతున్న మనిషి, ఎండకి మాడిన ఒళ్ళు, నూలుచీర. “చర్చికెళ్ళలేదాండీ అమ్మగారూ? ఒంట్లో బాగుందాండీ? మేష్టారండీ, మీరేంటండీ ఇలా చిక్కిపోయారు?” అని అందర్నీ పలకరించి, తిన్నగా పెరట్లోకి నడిచింది. ఎవరెంత వద్దన్నా ఆ చేపని ఆవిడే బాగు చెయ్యాలి.

కొరమీను జారిపోకుండా బూడిద రాసి, కత్తిపీట ముందు కూర్చుంది. జ్యోత్స్న చెంబుతో నీళ్ళు పోస్తూ నిలబడింది.

“నువ్వు తినవు కదా అత్తా. ప్రతిసారీ ఇంత కష్టపడి తెస్తావు” అంది.

“నేను తినకపోతేనేం అమ్మా, మేష్టారు తింటారు కదా.”

ఆయన తినరని ఆవిడకి తెలీదు. ఏటా ఆవిడ ముందు తరవాత తింటానంటారు; ఆ కూర సాయంత్రం దాకా గిన్నెలోనే ఉండి, చీకటి పడ్డాక పక్కింటికి వెళ్ళిపోతుంది.

“అసలెందుకు మానేశావు అత్తా? చేపలమ్మే ఇంట్లో పుట్టి, చేపలమ్మే ఇంట్లో మెట్టి?”

“అమ్మవారికి అప్పగించేశానమ్మా, తిండిని. తప్పు చేశాను కదా.” వీరరాఘవమ్మ చేప మొప్పలు తీస్తూ మామూలుగానే చెప్పింది. “ఆ నెల్లో పెద్దింట్లమ్మకి కోడిని మొక్కాం. మేష్టారు మా ఊరొచ్చి, కోడికి పెట్టే డబ్బుతో పిల్లకి పలకా పుస్తకాలూ కొనమ్మా అన్నారు. మంచి మాటే కదా. కొన్నాను. పదిహేను రోజులు తిరక్కుండా పిల్ల పోయింది.”

“పాము కరిచింది కదా అత్తా.”

“కరిచింది. కానీ అందులో విషం లేదు కదమ్మా! మేష్టారు చూసి చెప్పారు. తరవాత సీసాలో పెట్టి రాసి కూడా ఉంచారంట. విషం లేని పాము కరిస్తే ఏడేళ్ళ పిల్ల ఎందుకు పోతుంది? అమ్మవారి కోపం కాకపోతే?”

జ్యోత్స్న చేతిలో చెంబు నీళ్ళు చేప మీద కాకుండా కాలి మీద పడ్డాయి.

“మా ఆయన పదేళ్ళు మాట్లాడలేదు నాతో. పిల్లని పలక కోసం అమ్మేశావే అన్నాడు. నిజమే కదా” అంది వీరరాఘవమ్మ, ముక్కలు గిన్నెలోకి వేస్తూ.

వంటింటి గుమ్మంలో మేష్టారు నిలబడి ఉన్నారు. ఎప్పట్నుంచి నిలబడ్డారో జ్యోత్స్న చూసుకోలేదు.

*

పన్నెండున్నరకి పుష్పలత వడ్డించింది. మేష్టారికి చేపల పులుసు, వీరరాఘవమ్మకి విడిగా గిన్నెలో వండిన దోసకాయ పప్పు. తువ్వాలు కప్పిన సీసాని బల్ల చివరికి జరిపారు. ఎవరూ దాని వైపు చూడటం లేదు. అందరికీ అదే కనబడుతోంది.

“మేష్టారు తినడం లేదేంటండీ? చప్పగా ఉందా?” అంది వీరరాఘవమ్మ.

మేష్టారు ఎడంచేత్తో తువ్వాలు తీసేశారు.

“ఏవండీ” అంది పుష్పలత. ఆపమనో, కానిమ్మనో ఆవిడకే తెలీదు.

“రాఘవమ్మా, ఇది ఆ పామే” అన్నారాయన.

వీరరాఘవమ్మ కుర్చీలో కాస్త వెనక్కి జరిగింది. తరవాత ముందుకి వంగి చూసింది. “ఇంత చిన్నదాండీ? నాకు పెద్దదిగా గుర్తుంది.”

“ఇది కట్లపాము. విషం ఉన్నదే. ఆ రాత్రి నేను పొరపడ్డాను. మూడోరోజు ల్యాబులో చూసి తెలుసుకున్నాను. తెలిసి కూడా విషం లేదని చీటీ రాశాను. మీ ఊరు వచ్చి అదే చెప్పాను. అబద్ధం చెప్పాను.”

మైకులో గంటలు గంటలు మాట్లాడిన మనిషి. ముప్పై రెండేళ్ళుగా మోసిన మాట చెప్పడానికి నిమిషం కూడా పట్టలేదు.

వీరరాఘవమ్మ సీసా దగ్గరికి లాక్కుని, చీటీ మీద వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంది. ఆవిడకి చదువు నేర్పింది కూడా ఆ సంఘం వాళ్ళ రాత్రిబడే. ‘విష... రహి... తం.’ వేలు అక్కడే ఆగింది.

“అయితే అమ్మవారు కాదాండీ?”

“కాదమ్మా.”

“కోడి ఎగ్గొట్టినందుకు కాదాండీ?”

“కాదు. పలక కొన్నందుకు కాదు. నువ్వేం తప్పు చెయ్యలేదు. పాము కరిచింది. నేను తప్పు చెప్పాను. అంతే.”

“నేనేం చెయ్యలేదు” అంది వీరరాఘవమ్మ. అడుగుతున్నట్టు లేదు, చెబుతున్నట్టూ లేదు. మళ్ళీ అంది. “నేనేం చెయ్యలేదు.”

పుష్పలత ఏడుస్తోంది. జ్యోత్స్న లేచి వెళ్ళి వీరరాఘవమ్మ భుజం మీద చెయ్యి వేసింది. ఆవిడ ఆ చేతిని గమనించినట్టు లేదు. తిడుతుందేమో, శాపం పెడుతుందేమో, ఆ సీసా ఎత్తి నేలకేసి కొడుతుందేమో అని మేష్టారు తల వంచుకుని కూర్చున్నారు. కొడితే బాగుండునని కూడా అనుకున్నారు.

“అమ్మగారండీ” అంది వీరరాఘవమ్మ. “ఆ పులుసు నాకూ కొంచెం వెయ్యండి.”

పుష్పలతకి ముందు అర్థం కాలేదు. తరవాత గరిటె తీసుకుంది. పులుసు బల్ల మీద ఒలికింది. ఒక ముక్క, కాస్త పులుసు కంచంలో పడ్డాయి. వీరరాఘవమ్మ అన్నంలో కలుపుకుంది. అలవాటైన వేళ్ళు, ముప్పై రెండేళ్ళయినా మర్చిపోలేదు. ముల్లు తీసి పక్కన పెట్టింది. ముద్ద చేసింది.

ముద్ద నోటి దాకా వెళ్ళి ఆగింది.

“మేష్టారండీ.”

“చెప్పమ్మా.”

“ఆ సాయంత్రం బడి దగ్గర మీరే చెప్పారండీ. కట్లపాము కరిస్తే మంత్రగాడి దగ్గరికి పోవద్దు, ఏలూరు పెద్దాసుపత్రిలో సూదిమందుందీ అని. బోర్డు మీద బొమ్మేసి మరీ చెప్పారు. నాకు బాగా గుర్తుందండీ.”

మేష్టారు చీటీ మీది తన ఎర్ర అక్షరాల వైపు చూశారు.

“పిల్ల కడుపునొప్పి అంటే మా ఆయన దోనె రేవులో దింపాడండీ. గెడ పట్టుకుని నిలబడే ఉన్నాడు. భయం వల్ల నొప్పి, పడుకోబెట్టండీ, పొద్దున్నకి లేచి ఆడుకుంటుందీ అన్నారు మీరు. దోనె మళ్ళీ గట్టు మీదకి లాగేశాడు.” ఆవిడ గొంతులో కోపం లేదు. ఒక్కొక్క మెట్టూ దిగి చూసుకుంటున్నట్టు చెబుతోంది. “వెన్నెల రాత్రండీ అది. దారి బాగా కనబడేది. గట్టెక్కితే రోడ్డు, రోడ్డెక్కితే చేపల లారీలు. మూడు గంటల్లో ఏలూర్లో ఉండేవాళ్ళం.”

చేతిలో ముద్ద అలాగే ఉంది. వేళ్ళ సందుల్లోంచి పులుసు మణికట్టు మీదకి కారుతోంది.

“మీరు సైన్సు మేష్టారు. మీకు తెలుస్తుందండీ. ఆ రాత్రే తెచ్చుంటే, నా సత్యవేణి బతికేదాండీ?”